నల్లజీడి గుర్తు

విశ్వాసమ్మ గుప్పిటి దగ్గర మనం ఆగిపోయి సరిగ్గా వారమయింది. ఆ గుప్పిట్లో ఏముందని మీరు ఈ ఏడు రోజులూ ఏమేమి ఊహించుకున్నారో నాకు తెలియదు గానీ, కృపమణి మాత్రం విషమే అనుకుంది. అనుకుని ఊరుకునే మనిషి కాదు గనుక ఆడబిడ్డ మణికట్టును రెండు చేతులా బిగించి పట్టుకుంది. కుక్క పళ్లేన్ని కాలితో అవతలికి తోసింది.

కొత్తగా మనతో కలిసినవాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పుకుందాం. నందికొట్కూరు దాపున కాలువ గట్టు మీద ఒక మిషన్ కాంపౌండు. అక్కడి బడికి దావీదురాజు హెడ్మాస్టరు. అతని భార్య కృపమణి ఆడపిల్లల తరగతులకు పంతులమ్మ. ఆస్పత్రి దొరసాని సెలవు మీద ఇంగ్లండు పోతూ తన బంగళా తాళంచెవులు దావీదురాజు చేతిలోనూ, తన కుక్క సీజరును కృపమణి చేతిలోనూ పెట్టి పోయింది. "నేను తిరిగి వచ్చేనాటికి ఇది నన్ను గుర్తుపట్టాలి, కృపా" అని ఒక్క మాట అడిగింది. పిల్లలు లేని కృపమణి ఆ మాటను ప్రమాణంగానే తీసుకుంది. సీజరు ఆమె చేతి అన్నం తిని, పగలంతా పోయి దొరసాని బంగళా తలుపుకు అడ్డంగా పడుకునేది. ఆ గడప దగ్గరికి ఎవరు పోయినా గుర్రుమనేది. తాళంచెవులున్న దావీదురాజుకు కూడా మినహాయింపు లేదు.

దసరా సెలవుల నాటి నుంచి ఆ కుక్కకు ఏదో పట్టుకుంది. గోక్కోవడం, బొబ్బలు, రసి, వెంట్రుకలు ఊడిపోవడం. కానుగ నూనెలో గంధకం కలిపి పూశారు. కర్నూలు పశువుల డాక్టరు ఇచ్చిన మందు పూశారు. నాలుగు రోజులు తగ్గినట్టే ఉండేది, శనివారం వచ్చేసరికి మళ్లీ మొదలయ్యేది. ఐదు నెలలుగా ఇదే తంతు. హాస్టలు పిల్లలకు గజ్జి అంటుతుందని కాంపౌండు కమిటీ పట్టుబట్టింది. శనివారంలోగా తగ్గకపోతే ఊళ్లో తుపాకి ఉన్న బసవన్నను పిలిచి కుక్కను కాల్పిస్తామన్నారు. ఇవాళ శుక్రవారం. ఎవరో కావాలనే తన కుక్కకు ఏదో పెడుతున్నారని కృపమణి నమ్మకం. మొదట వాచ్‌మన్ మారెన్నను అనుమానించింది. వాడి లాంతరు మీద సీజరు ఎగబడేదని అప్పట్లో ఒక కారణం దొరికింది. తర్వాత ఆ అనుమానం ఇంట్లోకే వచ్చి విశ్వాసమ్మ మీద వాలింది.

"తెరువు వదినా" అంది కృపమణి.

విశ్వాసమ్మ పెనుగులాడలేదు. యాభై దాటిన మనిషి. మొగుడు పోయినప్పటి నుంచి తమ్ముడు దావీదురాజు పంచన ఉంటూ గట్టిగా మాట్లాడటమే మరిచిపోయింది. మెల్లగా గుప్పిలి విప్పింది. అరచేతిలో పచ్చగా ఒక ముద్ద ఉంది.

"వేపాకు, పసుపు. వెన్నలో నూరినా. లోపలికి పోతే ఏమన్నా తగ్గుతాదేమోనని."

"నాతో చెప్పి పెట్టొచ్చు గదా."

"చెప్తే పెట్టనిస్తావా? నెల్లాళ్లుగా నా చెయ్యి యాడికి పోతే ఆడికి నీ కన్ను పోతాండాది. ఉప్పు డబ్బా తీసినా చూస్తాండావు."

కృపమణికి సిగ్గేసింది. అయినా సిగ్గు ఒక పక్కన, అనుమానం ఒక పక్కన. ముద్దలోంచి కాస్త గిల్లి నాలుక మీద పెట్టుకుంది. మొహం వికారంగా పెట్టింది. వేపాకే. విశ్వాసమ్మ ఆ మొహం చూసి నవ్వలేదు గానీ, నవ్వు ఆపుకున్నట్టు మాత్రం తెలిసింది.

"అయిపోయినాదా? ఇప్పుడు నా మాట కూడా ఇను" అని ఆమె కింద కూర్చుని సీజరును వెల్లకిలా తిప్పింది. "నీ అనుమానం అంతా తిండి మీద పడింది. కడుపులోకి పోయినదైతే ఒళ్లంతా రావాల గదా. చూడు. మెడ చుట్టూ ఉండాది. కడుపు కింద ఉండాది. మోచేతుల కాడ ఉండాది. ఈపు మీద ఒక్కటన్నా చూపీ."

కృపమణి చూసింది. ఐదు నెలలుగా ఆ పుండ్లను రోజూ చూస్తూనే ఉంది, వీపును మాత్రం చూడలేదు. గోధుమ రంగు వెంట్రుకలు వీపు మీద నిగనిగలాడుతున్నాయి. రోగం కింది వైపు నుంచే వచ్చింది. మెడకు కట్టేది, కిందికి పరిచేది, ఆ రెండింటి నుంచే.

విశ్వాసమ్మ రవిక చేతిని పైకి లాగి మోచేతి పైన నల్లటి మచ్చ ఒకటి చూపింది. రూపాయి బిళ్లంత ఉంది. చర్మం అక్కడ ముడుచుకుపోయింది.

"నా పదేండ్లప్పుడు ఉతికేవాళ్లింటి ముందర నల్లజీడి గింజలు ఆరబోసింటే ఆడుకుంటా ఒకటి చిదిపినా. ఇట్లనే నీళ్లబొబ్బలు లేచినాయి. పగిలినాయి. నల్లగా గట్టిపడినాయి. ఆర్నెల్లు ఏడ్చినా. దీని మెడ చూసినప్పుడల్లా నా చెయ్యి గుర్తొస్తాండాది మణీ. నువ్వు నన్నే అనుమానిస్తాండావు గాబట్టి నోరు తెరవలేకపోతి."

నల్లజీడి సంగతి కృపమణికి తెలియనిది కాదు. ఎవరి గుడ్డ ఎవరిదో గుర్తుండటానికి బట్టలుతికేవాళ్లు సూదితో ఆ గింజను పొడిచి, దాని రసంతో కొంగు మూలల్లో చుక్కలు పెడతారు. ఎన్ని ఉతుకులకైనా ఆ నలుపు పోదు. కానీ ఆ చుక్కలు ఇంటిల్లిపాది బట్టల మీదా ఉన్నాయి. ఎవరికీ బొబ్బలు లేవలేదు.

ఇద్దరూ కలిసి సీజరు మెడపట్టీ విప్పారు. నల్లటి గుడ్డ. భాద్రపదంలో పిడుదులు పట్టి తోలు పట్టీ కింద పుండు పడితే, దావీదురాజే తన పాత నల్లకోటు తెచ్చి భార్య ముందు పెట్టాడు. "మెత్తటి గుడ్డ. దీనికి పనికొస్తే నాకదే చాలు" అన్నాడు. పెళ్లినాటి కోటు. దాని చేతులతో కృపమణి రెండు మెడపట్టీలు కుట్టింది, వెనక భాగంతో రెండు పక్కగుడ్డలు కుట్టింది. ఒక జత కుక్కకు, ఒక జత ఉతుకుకు. మొగుడి మనసు ఎంత మెత్తనిదో అని ఆనాడు కుడుతూ కుడుతూ కళ్లు కూడా తుడుచుకుంది.

నలుపు మీద ఏమీ కనిపించలేదు. లోపలి వైపు వేలు పెట్టబోతే విశ్వాసమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. చీపురు పుల్లతో గీకి చూశారు. పట్టీ పొడుగునా ఎండిన జిగురులా గట్టిగా ఒక వరస తగిలింది.

"ఉరుకుందమ్మ" అంది కృపమణి. కాంపౌండు బట్టలన్నీ ఉతికేది ఆమే.

అనుమానానికి కొత్త ఇల్లు దొరికింది. దొరికిన మరుక్షణమే పాత సంగతులన్నీ వచ్చి అందులో కాపురం పెట్టాయి. పోయిన ఎండాకాలం సీజరు ఉరుకుందమ్మ మూట లాగి చింపింది. ఆమె రాయి విసిరింది. ఆ రోజు ఏమి శపించిందో ఎవరికి తెలుసు?

మధ్యాహ్నం బడి గంట కొట్టడానికి ఇంకా టైముంది. కృపమణి గొడుగు కూడా తీసుకోకుండా కాలువ గట్టు పట్టింది.

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాలు మరో వారంలో మొదలు కాబోతున్నాయి. కాలువలో ఇంకా మోకాటి లోతు నీళ్లు పారుతున్నాయి. గట్టు పొడుగునా హాస్టలు దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. ఉరుకుందమ్మ బండ మీద పంచె ఒకటి ఎత్తి కొడుతోంది. పొడగరి మనిషి, చేతులు మగవాడి చేతులంత గట్టివి. పంతులమ్మను చూసి పంచెను బండ మీదే వదిలింది.

"ఏం పంతులమ్మా, బడి లేదా? ఈ ఎండలో నడిచి వొస్తివి."

"సీజరు గుడ్డ యాడుండాది?"

"ఆడ తుమ్మకంప మీద ఆరతాండాది. దానికేమి?"

"దానికి నువ్వేం పూస్తాండావు ఉరుకుందమ్మా?"

"పూసేదేంది? గుర్తు పెడతా. ఊరందరి గుడ్డలకు పెట్టినట్లే."

"ఊరందరికీ మెడ కాలలేదే. నా కుక్క మెడ కాలింది. రేపు దాన్ని కాల్చి పారేస్తారు. నీ మూట చింపిందని మనసులో పెట్టుకుంటివా? పెట్టుకుంటే నాతో చెప్పుంటే, నా చీర ఇచ్చుందును గదా."

ఉరుకుందమ్మ మొహంలో రంగు మారింది. కోపం కంటే అవమానం ఎక్కువ కనిపించింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుని, ఆరిన మూట ముడి విప్పి ఒక్కొక్క గుడ్డ మూల పట్టుకుని పంతులమ్మ కళ్ల ముందుకు తెచ్చింది.

"ఇది మీ ఇంటిది. గీత కింద రెండు చుక్కలు. ఇది పాస్టరయ్యది, మూడు చుక్కలు. ఇది ఆస్పత్రిది. మా యమ్మ కాలం నుంచి నలభై ఇండ్ల గుడ్డలు ఉతుకుతాండాం. ఒకరి గుడ్డ ఇంకొకరింటికి పోయిందని ఎవరన్నా అంటే చెప్పు. నువ్వులగింజంత చుక్క పెట్టేది, దాని మీద సున్నం అద్దేది. సున్నం పడితే జీడి సస్తాది. మనిషిని ఏమీ జేయదు. నేను జీడి ముట్టే ముందర చేతులకు నూనె రాసుకుంటా. దాని సంగతి నాకు తెలీదా?"

"తెలిసే అడుగుతాండా. సీజరు పట్టీకి చుక్క లేదు. పొడుగునా వరసే ఉండాది. దాని మీద సున్నం యాడ పోయింది?"

ఉరుకుందమ్మ గుడ్డలు మళ్లీ మడవడం మొదలుపెట్టింది. ఒక మడత, రెండో మడత. ఆమె జవాబు చెప్పడానికి వెనకాడుతోందని కృపమణి గ్రహించింది. దొంగ దొరికిందని ఒక్క క్షణం తృప్తి కూడా కలిగింది. ఆ తృప్తి అంతటితోనే సరి.

"అయ్యవారు చెప్పినట్లు పెడతాండా" అంది ఉరుకుందమ్మ.

"ఏ అయ్యవారు?"

"ఏ అయ్యవారంటావేందమ్మా. మీ అయ్యవారు."

కృపమణి నమ్మలేదు. అబద్ధం, అనుకుంది. దొరికిపోయి నా మొగుడి మీదికి నెడుతోంది, అనుకుంది. అలా అనుకుంటూనే, "ఏం చెప్పినాడు?" అని అడిగింది.

"కుక్క గుడ్డ మనుషుల గుడ్డల్లో కలిస్తే హాస్టలోళ్లు గొడవ జేస్తారు, దానికి పొడుగునా గుర్తు పెట్టు, ఉతికి ఆరినంక ప్రతి వారం కొత్తగా పెట్టు అనె. పక్కగుడ్డకూ అంతే. సున్నం మాత్రం వొద్దనె. కుక్క నాకితే నోరు పొక్కుతాదంట. సదువుకున్నాయన, కుక్క మీద ప్రేమతో చెప్తాండాడనుకుంటి. నిజమే గదా, కుక్క గుడ్డ ఆస్పత్రి గుడ్డల్లో పడితే నా పని పోతాది."

"అది నల్ల గుడ్డ. నలుపు మీద నల్ల గుర్తు ఎవరికి కనపడతాది?"

"నేనూ అదే అడిగితి" అంది ఉరుకుందమ్మ. "నీకు తెలిస్తే సాలులే అనె."

దుప్పటి ఒకటి గాలికి లేచి కాళ్లకు చుట్టుకుంటే కృపమణి దాన్ని విడదీసుకోను కూడా లేదు. కోటు ఇచ్చింది ఆయన. పట్టీ కట్టేదీ ఆయనే. ప్రతి శుక్రవారం సాయంత్రం మూట రాగానే తనే కట్టేవాడు. "నువ్వు ముట్టుకోవద్దు కృపా, నీ చేతులకు అంటితే బడిపిల్లలకు అంటుతుంది" అనేవాడు. ఆ మాటకు ఎన్నిసార్లు పొంగిపోయిందో తలచుకుంటే ఆమెకు ఒళ్లు మండింది.

"ఎప్పుడు చెప్పినాడు?"

"దసరా సెలవుల్లో. నువ్వు మీ యమ్మకు బాగలేదని పత్తికొండకు పోయింటివే, అప్పుడు." ఉరుకుందమ్మ గొంతు తగ్గించింది. "ఇంకోటి గూడా ఉండాదమ్మా. చెప్పాలో వొద్దో. ఆ వారం అయ్యవారి పంచె ఒకటి నెత్తురు మరకతో వొచ్చింది. పిక్క కాడ చినిగి ఉండె. కుక్క పట్టుకున్యాదా అయ్యా అంటే, కంచె గీసుకునిందిలే అనె. కంచె గీసుకుంటే గుడ్డ పొడుగునా చినుగుతాది. పంటి గాటు నాలుగు బొక్కలు పడతాది. గుడ్డలు ఉతికేదాన్ని, నాకు తెలీదా."

సీజరు ఊరికే కరిచే కుక్క కాదు. బంగళా తలుపు దగ్గరికి పోతే మాత్రం ఊరుకోదు. కానీ దసరా సెలవుల్లో, మూసి ఉన్న బంగళాలో ఆయనకు ఏం పని? తాళంచెవులు ఉండనే ఉన్నాయి. అడ్డం ఉన్నదల్లా కుక్క ఒక్కటే. విషం పెట్టి చంపితే కాంపౌండంతా ఆరా తీస్తుంది. గజ్జి కుక్కను కమిటీ తీర్మానం చేసి కాల్పిస్తే ఎవరూ ఒక్క మాట అడగరు.

ఇదంతా తన అనుమానమేనేమో. మారెన్నను అనుమానించింది, తప్పయింది. విశ్వాసమ్మను అనుమానించింది, తప్పయింది. ఇప్పుడే కదా ఉరుకుందమ్మను అంది, అదీ తప్పయింది. మూడుసార్లు తప్పిన మనసును నాలుగోసారి ఎలా నమ్మడం? ఇది కూడా తప్పు కావాలని ఆమె కోరుకుంది.

"ఈ వారం గుర్తు పెట్టినావా?"

"ఇంకా లేదు. ఆరినంక పెడదామనుకుంటి."

"పెట్టొద్దు. పట్టీకి వొద్దు, పక్కగుడ్డకూ వొద్దు. మామూలుగా మూట తెచ్చి మామూలుగా ఇచ్చి పో. నేను ఈడికి వొచ్చినట్లు ఎవరికీ చెప్పొద్దు."

"గుర్తు లేకుండా గుడ్డ ఇంటికి పంపడం ఈ చేతులతో ఎన్నడూ జేయలేదమ్మా" అంది ఉరుకుందమ్మ. బండ మీది పంచె మళ్లీ అందుకుని, "సరే, ఈ ఒక్కసారి" అంది.

"నిన్ను అనరాని మాటలంటి."

"అంటివిలే. కుక్క బతికినంక చెప్పుదువు ఆ మాట."

ఇంటికి తిరిగి వచ్చిన మరదలి మొహం చూసి విశ్వాసమ్మ ఏమీ అడగలేదు. అడిగితే కృపమణి ఏం చెబుతుంది? నీ తమ్ముడు, అని మొదలుపెట్టి ఎక్కడ ఆపుతుంది? ఇద్దరూ కలిసి సీజరు మెడ కడిగి, తడి లేకుండా అద్ది నువ్వులనూనె రాశారు. పాత పక్కగుడ్డ తీసి కుక్కను వట్టి చాప మీద పడుకోబెట్టారు. చాలా రోజుల తర్వాత అది గోక్కోకుండా గంటసేపు నిద్రపోయింది. ఆ గంటసేపూ కృపమణి దాని పక్కనే కూర్చుని, ఇది రేపటికి ఉంటుందా అని దాని వీపు నిమురుతూ ఉండిపోయింది. ఆ మధ్యాహ్నం బడికి పోనేలేదు.

పొద్దు వాలకముందే ఉరుకుందమ్మ మూట తెచ్చి వసారాలో దించి, ఎవరి వైపూ చూడకుండా పోయింది. ఆమె వెనకనే దావీదురాజు వచ్చాడు. కమిటీ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, మొహం అలసిపోయి ఉంది. వస్తూనే భార్య వైపు చూసి మెత్తగా నవ్వాడు. ఆ నవ్వు చూసే పదహారేళ్లుగా కృపమణి అతన్ని నమ్మింది.

"బతిమాలి ఇంకొక వారం గడువు తెచ్చినా కృపా. అందరూ రేపే అంటాండారు. వారంలో తగ్గకపోతే బసవన్నను నేనే పిలిపిస్తానని మాటిచ్చి వొచ్చినా."

"దొరసాని ఎప్పుడొస్తాదో తెలిసిందా?"

"ఉత్తరం వొచ్చింది. ఈస్టరు పండగకు ఈడుంటాదంట." మాట అంటూనే అతని కళ్లు ఒకసారి బంగళా వైపు పోయి వచ్చాయి. "యాడ మన సీజరు? రా నాయనా."

సీజరు లేచి వచ్చింది. దావీదురాజు అరుగు మీద కూర్చుని మందు డబ్బా తీశాడు. అతని వేళ్లు ఎప్పటిలాగే మెల్లగా, ఓపికగా కుక్క మెడ మీద తిరిగాయి. రసి కారుతున్న చోట కూడా వట్టి వేళ్లతోనే అద్దాడు. పుండును చూసి ఏవగింపు లేదు, అంటుతుందన్న భయం లేదు. విశ్వాసమ్మ గడప దగ్గర నిలబడి తమ్ముణ్ణి చూస్తోంది. కృపమణి గుండె ఒక్కసారి తేలికపడింది. ఇంత ఓపిక ఉన్న మనిషినా నేను అనుమానించింది, అనుకుంది. ఉరుకుందమ్మే అబద్ధం చెప్పిందేమో. పంచె నిజంగానే కంచెకు చినిగిందేమో.

దావీదురాజు మూట ముడి విప్పాడు. నల్లటి పట్టీ పైనే ఉంది. దాని మీద చెయ్యి వేయబోయి ఆగాడు. జేబులోంచి రుమాలు తీసి, కుడిచేతి వేళ్లకు రెండు చుట్లు చుట్టుకుని కొస లోపలికి దోపుకున్నాడు. ఎన్నో వారాలుగా అలవాటైన చెయ్యిలా, అటు చూడకుండానే ఆ పని చేశాడు. ఆ తర్వాతే పట్టీని అంచు పట్టుకుని ఎత్తాడు.

పుండును వట్టి చేత్తో ముట్టిన మనిషి, ఉతికిన గుడ్డను రుమాలుతో ముట్టుకున్నాడు.

గడప దగ్గర విశ్వాసమ్మ చెయ్యి తనకు తెలియకుండానే మోచేతి మచ్చ మీదికి పోయింది. కృపమణి ఆమె వైపు చూడలేదు. లేచి వచ్చి, కుక్కకూ మొగుడికీ మధ్య కూర్చుని, సీజరు మెడ చుట్టూ చెయ్యి వేసింది.

"ఆ రుమాలు తీసేయండి" అంది. "ఈ వారం దానికి ఉరుకుందమ్మ జీడి పెట్టలేదు. ఉత్త చేత్తోనే కట్టొచ్చు."